ఎడమ చెయ్యి ఎత్తితే ఆగుతారు

పన్ను పోటు పగలంతా ఓ మోస్తరుగా ఉండి, రాత్రి పక్క మీద వాలగానే విజృంభిస్తుంది. పంటి నడిమధ్యలో మెత్తటి గుజ్జు ఉంటుంది. నరాలు, రక్తనాళాలు అన్నీ అందులోనే. ఒంట్లో వేరే ఎక్కడ వాచినా చర్మం సాగి కాస్త చోటిస్తుంది. పంటి గుజ్జుకు ఆ వీలు లేదు, చుట్టూ గట్టి గోడలే. పుచ్చు లోపలిదాకా పాకి గుజ్జు వాచిందంటే ఆ ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పడుకుంటే తలవైపు రక్తపు ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. అందుకే అర్ధరాత్రి లేచి కూర్చుని, చల్లటి నీళ్ళు పుక్కిట పట్టుకుని, బుగ్గ నొక్కుకుంటూ తెల్లవారే దాకా గడియారం చూస్తుంటారు.

అంత బాధలోనూ పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళనివాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. చేతిలో డబ్బు లేక ఆగేవాళ్ళు ఉన్నారు, ఊళ్ళో డాక్టరు లేక ఆగేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండూ అడ్డం కాకపోయినా భయంతో ఆగిపోయేవాళ్ళ గురించే ఈ కథనం. పురిటి నొప్పులు ఓర్చుకున్న తల్లి, పొలంలో పాము కనిపిస్తే కర్ర పట్టుకుని ముందుకు దూకే రైతు, పళ్ళ డాక్టరు కుర్చీ పేరెత్తేసరికి చెమటలు కక్కుతారు. దాన్ని పిరికితనం అనడం అన్యాయం. ఆ భయం ఎక్కడో ఒకచోట నేర్చుకున్నదే. నేర్చుకున్నదాన్ని వదిలించుకోవచ్చు. విచిత్రం ఏమిటంటే, అందరూ వద్దనుకునే ఆ అత్యవసర రాత్రే అందుకు మొదలు కాగలదు.

మా పెద్దమ్మ కూతురి విషయంలో అది దగ్గరుండి చూశాను. తెనాలి దగ్గర ఊళ్ళో సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరైంది. క్లాసులో అల్లరి పిల్లల్ని చూపుతోనే కూర్చోబెట్టగల మనిషి. ఆమెకు చిన్నప్పుడు, నాలుగో తరగతిలో, ఒక పన్ను పీకించారు. మత్తు సూది వేశారు గానీ అది పట్టేదాకా ఆగలేదు. వాళ్ళ నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు, ఇంకెవరో తల పట్టుకున్నారు. "నొప్పి సంగతి మర్చిపోయాన్రా. అరుస్తుంటే ఎవరూ ఆగలేదు చూడు, అది పోలేదు" అంటుంది అక్క ఇప్పటికీ.

ఈ మాటలోనే విషయమంతా ఉంది. దంత వైద్యం మీద భయం గురించి పరిశోధించినవాళ్ళు పదే పదే చెప్పేది కూడా ఇదే. భయాన్ని పాతుకుపోయేలా చేసేది ఒట్టి నొప్పి కాదు, మన చేతిలో ఏమీ లేదన్న నిస్సహాయత. నోరు తెరిచి వెల్లకిలా పడుకుంటే మాట్లాడలేం, లోపల ఏం జరుగుతోందో కనపడదు, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. దానికితోడు చీవాట్లు. "ఇన్నాళ్ళూ ఏం చేశారు? ఇంత పాడయ్యేదాకా ఎలా ఊరుకున్నారు?" అని మొహం మీద అడిగించుకున్న మనిషి మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడు. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ దూరం తరుముతుంది.

భయానికి జ్ఞాపకం కూడా తోడవుతుంది. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త కెంట్ 1985లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. చికిత్సకు ముందు ఎంత నొప్పి ఉంటుందనుకుంటున్నారో, అయ్యాక ఎంత ఉందో రోగుల్ని అడిగారు. కొన్ని నెలలు పోయాక మళ్ళీ అడిగారు. బాగా భయపడేవాళ్ళు చెప్పిన నొప్పి, వాళ్ళు నిజంగా పడ్డదానికి కాకుండా, పడతామని ముందు ఊహించుకున్నదానికి దగ్గరగా ఉంది. అంటే చికిత్స సాఫీగా జరిగినా, మనసు పాత లెక్కనే దాచుకుంటుంది. ఒక మంచి అనుభవం సరిపోకపోవడానికి కారణం ఇదే. రెండోది, మూడోది కావాలి.

ఇక విన్న కథలు. పై దవడ పన్ను తీయిస్తే చూపు తగ్గుతుందని మన ఊళ్ళల్లో ఇప్పటికీ నమ్ముతారు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీసినంత మాత్రాన చూపు పోదు. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది ఇంకోటి. గార పేరుకుని చిగుళ్ళు అప్పటికే దిగిపోయి ఉంటాయి. గార తీసేసరికి ఆ ఖాళీ బయటపడుతుంది, అంతే. పైగా గారను అలాగే వదిలేస్తేనే పళ్ళు కదులుతాయి.

వాయిదా వేసినకొద్దీ ఏమవుతుందో లెక్క సులువు. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు వెళ్తే సిమెంటుతో పోయేది. ఒక్కోసారి మత్తు సూది కూడా అక్కర్లేదు. భయపడి ఆగితే పుచ్చు గుజ్జుదాకా పోతుంది. అప్పుడు వెళ్ళక తప్పదు, అప్పటికి పన్ను ముట్టుకుంటే ప్రాణం పోయేలా ఉంటుంది, చికిత్సా పెద్దదవుతుంది. భయపడ్డంత పనీ అయిందనిపిస్తుంది. మళ్ళీ నాలుగైదేళ్ళు ఆ వైపు చూడరు.

అక్క అలా వాయిదా వేస్తూ వేస్తూ ఒక రాత్రికి వచ్చింది. అంతకు ముందు అన్నీ చేసింది. లవంగం నూనె దూదికి అద్ది పెట్టుకుంది. అందులో తప్పేమీ లేదు. లవంగంలోని యూజెనాల్ నరాన్ని కాసేపు నెమ్మదింపజేస్తుంది, డాక్టర్లు తాత్కాలికంగా పంటిని మూసే సిమెంటులోనూ అదే వాడతారు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, అదీ మంచిదే. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకుంది. అది మాత్రం దండగ. గుజ్జు వాచి వచ్చే పోటుకు యాంటీబయాటిక్ పనిచేయదు. చీము పట్టి వాపు పాకుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు డాక్టరే రాస్తారు. ఆస్పిరిన్ బిళ్ళను పన్ను పక్కన చిగురు మీద అదిమి పెట్టుకోమని పక్కింటివాళ్ళు చెప్పారట, నయం, ఆ పని చేయలేదు. ఆ బిళ్ళ చిగురును కాల్చి పుండు చేస్తుంది. వాచిన బుగ్గకు వేడి కాపడం పెట్టడమూ ప్రమాదమే. చల్లటి గుడ్డ పెట్టుకోవాలి.

గుంటూరులో రాత్రిపూట తెరిచి ఉన్న ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాం. కారులో ఉన్నంతసేపూ "ఇప్పుడు తగ్గిందిరా, వెనక్కి పోదాం" అంటూనే ఉంది. చాలామందికి ఆస్పత్రి గుమ్మం దగ్గర నొప్పి నిజంగానే తగ్గినట్టు ఉంటుంది. భయం హెచ్చినప్పుడు ఒంట్లో ఊరే రసాయనాలు కాసేపు బాధను కప్పేస్తాయి. దాన్ని నమ్మి తిరిగొస్తే ఇంట్లో మళ్ళీ అదే పోటు.

లోపల చిన్న వయసు డాక్టరమ్మ. అక్క కుర్చీలో కూర్చోలేదు, పక్కన నిలబడే చెప్పింది. "నాకు చాలా భయం డాక్టరు గారూ. చిన్నప్పుడు పట్టుకుని పీకారు."

డాక్టరమ్మ చేతిలోని అద్దం పక్కన పెట్టేసింది. కుర్చీ నిటారుగా చేసి, తన స్టూలు జరుపుకుని, అక్క మొహానికి ఎదురుగా కూర్చుంది. "దేనికి ఎక్కువ భయం అమ్మా? సూదికా? మిషను చప్పుడుకా? ఊపిరాడదేమోననా?"

అక్క కాసేపు ఆలోచించింది. "ఆపమంటే ఆపరేమోనని."

"అయితే ముందు అదే చూద్దాం. ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తాను. ఎందుకు ఎత్తారని అడగను."

అప్పుడు చేసిన పని నాకు బాగా గుర్తుంది. నోట్లో అద్దం ఒక్కటే పెట్టింది, ఇంకేమీ లేదు. అక్క చెయ్యి ఎత్తింది, అద్దం బయటికి వచ్చేసింది. మళ్ళీ పెట్టింది. అక్క మళ్ళీ ఎత్తింది, కావాలనే. మళ్ళీ తీసేసింది. మూడోసారి అక్క చెయ్యి ఎత్తలేదు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్న వేళ్ళు అప్పుడు కొంచెం సడలాయి.

ఎడమ చెయ్యే ఎందుకంటే, కుడిచేతి వాటం డాక్టరు రోగికి కుడివైపు కూర్చుంటారు. ఎడమ చెయ్యి ఎత్తితే పరికరాలకు అడ్డం పడదు. రూపాయి ఖర్చు లేని ఏర్పాటు ఇది. దంత వైద్య పాఠాల్లో ఉన్నదే. ముందు చెప్పడం, తర్వాత చూపించడం, ఆపైనే చేయడం అన్న పద్ధతినీ పిల్లల దంత వైద్యులు 1959 నుంచి పాటిస్తున్నారు. పిల్లలకే కాదు, అరవై దాటినవాళ్ళకూ అది అంతే పనిచేస్తుంది. రద్దీగా ఉండే క్లినిక్‌లో ఆ రెండు నిమిషాలు కేటాయించకపోవడమే లోపం.

మత్తు ఎందుకు పట్టదు?

"నాకు మత్తు పట్టదండీ" అని చెప్పే రోగుల్ని కొందరు డాక్టర్లు కొట్టిపారేస్తారు. కానీ అందులో నిజం ఉంది. మత్తుమందు నరం పొరను దాటి లోపలికి వెళ్ళాలంటే చుట్టూ ఉన్న కణజాలం మామూలుగా ఉండాలి. వాచి, చీము పట్టినచోట ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లంలో మందు చాలావరకు పొరను దాటలేని రూపంలోకి మారిపోతుంది. తడి కట్టెకు అగ్గిపుల్ల గీసినట్టే ఉంటుంది. పైగా వాచిన నరం చిన్నదానికే రెచ్చిపోయే స్థితిలో ఉంటుంది. కింది దవడ పళ్ళకు దవడ వెనకభాగంలో, నరం ఎముకలోకి దిగేచోట సూది వేస్తారు. ఆ చోటు మనిషికీ మనిషికీ కొంచెం తేడాగా ఉంటుంది. పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారి ఉండకపోవచ్చు.

అక్కకు అదే జరిగింది. ముందు చిగురు తుడిచి మత్తు జెల్ రాసి కాసేపు ఆగారు. బుగ్గను వేళ్ళతో పట్టుకుని ఆడిస్తూ సూది గుచ్చారు. ఆ ఆడించడం ఊరికే కాదు. స్పర్శ, నొప్పి ఒకేసారి వెళ్తుంటే స్పర్శ నొప్పికి దారి ఇరుకు చేస్తుందని మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే చెప్పారు. మందును చాలా నెమ్మదిగా ఎక్కించారు. హడావుడిగా తోస్తే కణజాలం సాగి మంటెత్తుతుంది. సూది నొప్పి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఆ తోపుడు నొప్పే.

"గుండె దడదడలాడుతుంది, కంగారు పడకండి. మందులో అడ్రినలిన్ ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది" అని ముందే చెప్పింది డాక్టరమ్మ. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఆ దడను గుండెపోటనో, మందు పడలేదనో భావించి మళ్ళీ రానివాళ్ళు ఎంతమందో. మందు ఎక్కువసేపు ఆ చోటే నిలవాలనీ, నెత్తురు తక్కువ రావాలనీ లిగ్నోకైన్ అనే మత్తుమందుతో అడ్రినలిన్ కలుపుతారు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ముందే చెప్తే దానికి తగ్గట్టు మోతాదు చూసుకుంటారు.

అక్క పెదవి లావెక్కినట్టయింది. అయినా డాక్టరమ్మ మిషను ముట్టుకోలేదు. దూది ఉండ మీద చల్లటి స్ప్రే కొట్టి పన్నుకు ఆనించింది. అక్క ఉలిక్కిపడి ఎడమ చెయ్యి ఎత్తింది.

"మంచిపని చేశారు. ఇంకా పట్టలేదు. ఇంకో చోట వేద్దాం."

రెండో సూది పంటికీ ఎముకకూ మధ్య సందులో వేసింది. మళ్ళీ చల్లటి దూది ఆనించింది. ఈసారి అక్క కళ్ళు తెరిచి చూస్తూనే ఉంది, చెయ్యి కదల్లేదు. చిన్నప్పుడు ఎవరూ ఆగని చోట ఇప్పుడు ఆగారు. మొదలుపెట్టేముందు పట్టిందో లేదో పరీక్షించడం నన్నడిగితే దంత వైద్యుడు రోగికి ఇవ్వగలిగిన అతిపెద్ద గౌరవం. రోగి కూడా అడగవచ్చు, "మొదలుపెట్టేముందు ఒకసారి పరీక్షించండి" అని. అడిగినంత మాత్రాన ఎవరూ తప్పుపట్టరు. తప్పుపట్టే చోటైతే లేచి రావచ్చు.

మిషను చప్పుడు వినగానే అక్క బిగుసుకుంది. గాలితో తిరిగే ఆ ఎయిరోటర్‌ను అమెరికాలో జాన్ బోర్డెన్ 1957లో తెచ్చాడు. నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది గనక అంత సన్నగా కీచుమంటుంది. అంతకు ముందున్న నెమ్మది మిషన్లే నిజానికి ఎక్కువ బాధపెట్టేవి, పన్నంతా అదిరేది. వేగం పెరిగాక అదురు తగ్గింది, పని తొందరగా అవుతోంది. వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతుంటుంది, ఆ నీళ్ళు గొంతులోకి పోకుండా పక్కనున్న అమ్మాయి గొట్టంతో లాగేస్తుంటుంది. ముక్కుతో ఊపిరి తీసుకుని, తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలమంది డాక్టరమ్మ. అలా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. పన్ను తెరుచుకుని లోపలి ఒత్తిడి బయటికి పోయింది. పాడైన గుజ్జు తీసి, మందు పెట్టి, తాత్కాలిక సిమెంటు వేశారు. చెయ్యి మధ్యలో ఒకసారి ఎత్తింది అక్క, ఉమ్మడానికి.

ఒక సంగతి పన్ను తీయించుకునేవాళ్ళు తెలుసుకోవాలి. మత్తు నొప్పిని ఆపుతుంది గానీ నొక్కుడును ఆపదు. పట్టకారుతో అటూ ఇటూ కదుపుతుంటే దవడ మీద బరువు, లోపల కరకరమన్న శబ్దం తెలుస్తూనే ఉంటాయి. అది మామూలే. చురుక్కుమంటే మాత్రం చెయ్యి ఎత్తాలి.

పళ్ళ డాక్టర్లు లోకానికి ఇచ్చింది

మనం ఇంతగా భయపడే ఈ వృత్తే ప్రపంచానికి మత్తు ఇచ్చింది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ళ కిందటి అస్థిపంజరాల్లో, బతికుండగానే చెకుముకి రాతి మొనతో తొలిచిన దవడ పళ్ళు దొరికాయి. అంటే వేల ఏళ్ళ పాటు మనుషులు పంటి వైద్యాన్ని మత్తు లేకుండానే భరించారు. ఆ బాధను రోజూ దగ్గరగా చూసినవాడు కాబట్టే కాబోలు, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ పట్టణపు పళ్ళ డాక్టరు హొరేస్ వెల్స్ ఒక ప్రదర్శనలో నవ్వుల గాలి పీల్చిన మనిషి దెబ్బ తగిలినా గమనించకపోవడం చూసి, మర్నాడే, 1844 డిసెంబరు 11న, ఆ వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్‌తో శస్త్రచికిత్సకు మత్తిచ్చి చూపించిన విలియం మోర్టన్ కూడా పళ్ళ డాక్టరే. ఈనాడు మనకు వేసే లిగ్నోకైన్‌ను 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. వెల్స్ పీల్చిన నైట్రస్ ఆక్సైడ్ ఇప్పటికీ ఉంది. ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద చిన్న మాస్కుతో ఇస్తారు. మెలకువగానే ఉంటాం, భయం మాత్రం పలచబడుతుంది. నగరాల్లో కొన్ని క్లినిక్‌లలో, బోధనాసుపత్రుల్లో ఈ సౌకర్యం ఉంది. మాటలతో, చేతి సైగతో తగ్గని భయానికి అది మంచి దారి.

భయాన్ని కొలిచే పద్ధతీ ఉంది. 1995లో బ్రిటన్‌లో హంఫ్రిస్ బృందం ఐదు ప్రశ్నలు తయారుచేసింది. రేపు చికిత్సకు వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, బయట వరసలో కూర్చుంటే, పన్ను తొలవబోతుంటే, గార తీయబోతుంటే, చిగురుకు సూది వేయబోతుంటే. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 19 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్ర భయం కింద లెక్క. మన క్లినిక్‌లలో పేరు, వయసు, షుగర్ ఉందా అని రాయించుకునే కాగితం మీదే ఈ ఐదూ తెలుగులో అచ్చేయించి పెట్టాలని నా గట్టి కోరిక. నోటితో చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు, ముఖ్యంగా మగవాళ్ళు, టిక్కు పెట్టడానికి సిగ్గుపడరు.

బయల్దేరే ముందు కొన్ని చూసుకోవాలి. భయంతో ఏమీ తినకుండా వెళ్ళేవాళ్ళే కుర్చీలో ఎక్కువగా కళ్ళు తిరిగి పడిపోతారు. పూర్తి మత్తు ఇస్తామని చెబితే తప్ప, ఏదో ఒకటి తిని వెళ్ళాలి. షుగర్ ఉన్నవాళ్ళు మరీను. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సొంతంగా మానేయకుండా చీటీ పట్టుకెళ్ళి చూపించాలి. గర్భవతులు, ఏ మందైనా పడనివాళ్ళు ముందే చెప్పాలి. తోడుకు ఒక మనిషి ఉండాలి, ధైర్యం చెప్పే మనిషి. "ఇంతోటిదానికేనా" అనే మనిషి వద్దు.

భయం ఎంతున్నా ఒక్క నిమిషం ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాపు దవడ కిందికో మెడలోకో దిగడం, నాలుక పైకి లేచినట్టుండడం, నోరు తెరుచుకోకపోవడం, మింగుడుపడకపోవడం, ఊపిరి కష్టం కావడం, వాపు కంటివైపు పాకడం. ఇవి కనిపిస్తే క్లినిక్ కాదు, నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పోవాలి. పంటి చీము గొంతు చుట్టూ పాకి ఊపిరిదారి మూసేయగలదు. పిల్లలు ఆడుకుంటూ పడి శాశ్వత పన్ను ఊడొస్తే, వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి అంటుకుంటే ఒక్కసారి కడిగి, వీలైతే ఆ గుంటలోనే కూర్చోబెట్టాలి. కుదరకపోతే పాలల్లో వేసి అరగంటలో డాక్టరు దగ్గర ఉండాలి. పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు.

ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్ళకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపలలోనూ ప్రభుత్వ దంత కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటు దంత కళాశాలల్లోనూ బయటికన్నా తక్కువ తీసుకుంటారు. అర్ధరాత్రి పన్ను పోటుకు పల్లెల్లో దిక్కెవరన్నదానికి మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంకా సరైన జవాబు లేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి సూదితో ఆ రాత్రి గడుస్తుంది, పన్ను అలాగే ఉంటుంది.

అసలు గండం పోటు తగ్గాకే. తాత్కాలిక సిమెంటు వేయగానే హాయిగా నిద్రపడుతుంది, ఇక వెళ్ళనక్కర్లేదనిపిస్తుంది. లోపల రూట్ కెనాల్ సగమే అయివుంటుంది. ఆ సిమెంటు అరిగిపోతుంది, మళ్ళీ పుచ్చు, ఈసారి చీము. అందుకే ఆ డాక్టరమ్మ అక్కను కుర్చీలోంచి లేవనివ్వకుండానే తర్వాతి తారీకు రాయించింది. "అప్పుడు నొప్పి ఉండదు కాబట్టి మత్తు బాగా పడుతుంది, ఇవాళంత కష్టం కాదు" అని కారణం కూడా చెప్పింది. అక్క వెళ్ళింది. రూట్ కెనాల్ పూర్తయింది, క్యాప్ పడింది. అప్పుడే రెండో పక్కన మొదలవుతున్న చిన్న పుచ్చు ఒకటి చూశారు. దానికి మత్తు సూది కూడా అక్కర్లేకపోయింది, నన్ను తోడు రమ్మని పిలవనూ లేదు.

మొన్న ఇంటికి వెళ్తే, మనవడు అన్నం తిననని మారాం చేస్తున్నాడు. "తినకపోతే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా" అంది కోడలు, మనందరి ఇళ్ళల్లో అనేమాటే. అక్క వెంటనే అడ్డం పడింది. "ఆ మాట మటుకు అనకమ్మా. వాడికి మొదటి పన్ను వచ్చినప్పుడే తీసుకెళ్ళాల్సింది, మనమే ఆలస్యం చేశాం. సోమవారం నేను తీసుకెళ్తాను. ఊరికే చూపించి వస్తాం."